మా పర్లాకిమిడిలో ‘ఫైన్’ అనే మాట

ఫైన్ అనే ఇంగ్లీషు మాట నాకు మొదట డబ్బుల లెక్కలోనే తెలిసింది. స్కూలు ఫీజు గడువు దాటితే ఫైను. లైబ్రరీ పుస్తకం అట్టే పెట్టుకుంటే ఫైను. రైల్లో టిక్కెట్టు లేకపోతే ఫైను. మా మామ్మకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు గానీ, పుస్తకం గడువు దగ్గర పడిందంటే “ఇచ్చేసి రావే, ఫైనేస్తారు” అని ఆవిడే గుర్తు చేసేది. అందుకని ఏడో తరగతి రీడర్లో ‘ఇట్ వాజ్ ఎ ఫైన్ మార్నింగ్’ అన్న వాక్యం వచ్చేసరికి క్లాసంతా తికమకపడింది. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “పొద్దున్నే ఎవరికి జరిమానా వేశారండీ?” అని నిజంగానే అడిగాడు.

మా ఇంగ్లీషు మాస్టారు నవ్వలేదు. నవ్వబోయినవాళ్ళని కూడా ఆపారు. “వాడు విన్న ఫైన్ అదే కదా, మరి ఇంకేమని అడుగుతాడు?” అన్నారు. బోర్డు ఎడమ మూల ఫైన్ అని రాసి కింద గీత గీశారు. “ఈ వారమంతా దీన్ని చెరపకండి. ఈ మాట ఎక్కడ కనబడినా, ఎవరి నోట విన్నా, వాళ్ళు ఎలా వాడారో అలాగే రాసుకు రండి. అర్థం రాయొద్దు. అర్థం సంగతి తర్వాత చూద్దాం.”

తర్వాత నేనూ ఇంగ్లీషు పాఠాలే చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు ఒక మాట నేర్పడానికి అంతకంటే మంచి దారి నాకు ఎక్కడా కనబడలేదు.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా. పక్కన మహేంద్రతనయ, కాస్త దూరం పోతే పాతపట్నం, అక్కణ్ణించి ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు ఊరు అటు వెళ్ళింది గానీ ఊళ్ళో తెలుగు ఎక్కడికీ పోలేదు. ఇంట్లో తెలుగు, ఆఫీసు కాగితాల్లో ఒడియా, సంత రోజున కొండ దిగి వచ్చే సవరల నోట సవర భాష. మేం చదివింది తెలుగు మీడియమే అయినా ఒడియా తప్పనిసరి. ఇన్ని భాషల మధ్య తిరిగే పిల్లలకి, ఒక మాటకు ఒకే అర్థం ఉండాలన్న పట్టుదల ఉండదు. బజారులో అరటిపండు కొనడానికి వెళ్ళినా రెండు భాషలు మారాల్సిందే కదా. జరిమానా ఒక్కటే మాకు ఎటూ మారేది కాదు, తెలుగులోనూ ఒడియాలోనూ అదే జరిమానా.

మాస్టారికి ఆ పద్ధతి ఎక్కడిదో కూడా ఆయనే చెప్పేవారు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మా ఊరికి బడిపంతులుగా వచ్చారు. సవరల భాష నేర్చుకోవాలనిపించింది, కానీ నేర్చుకోవడానికి పుస్తకమంటూ ఒకటుండాలి కదా! సవరలతో కూర్చుని, వాళ్ళ కొండ పల్లెలకు వెళ్ళి, విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా తగిలింది. దానికి వేసుకున్న క్వినైనుతో చెవులు పోయాయి. చెవులతో సంపాదించిన భాషకే చెవులు ఇచ్చుకున్న మనిషి ఆయన. సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. రెండోది వచ్చేనాటికి ఆయన మా ఊళ్ళో లేరు. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన 1936లోనే రాజమండ్రి వెళ్ళిపోయారు. మా మాస్టారు ఆయన్ని చూడలేదు, చూసిన పెద్దల దగ్గర విన్నారు. “పంతులుగారు సవర నిఘంటువు ఎలా రాశారో, మీరు ఫైన్‌కి అలా రాయండి” అన్నారు మాతో. ఏడో తరగతి పిల్లలతో అనే మాటేనా అది! కానీ మేం దాన్ని నిజమనే తీసుకున్నాం.

ఆ వారం ఊరంతా తిరిగాం.

బట్టల కొట్లో మిల్లు తానుల అంచు మీద ‘సూపర్‌ఫైన్’ అని ముద్ర ఉండేది. అదేమిటని అడిగితే కొట్టాయన తాను విప్పి, ఒక ముతక గుడ్డ పక్కన పెట్టి, రెంటినీ నా వేళ్ళ మధ్య పెట్టాడు. “నూలు నంబరులో ఉంటాదమ్మా తేడా” అన్నాడు. నలభయ్యో నంబరు నూలంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు 40 వస్తాయి. ఎనభయ్యో నంబరయితే అదే పౌనులో 80 రావాలి, అంటే పోగు అంత సన్నబడాలి. ఇంటికొచ్చి నాన్న పొందూరు పంచె దీపానికి అడ్డం పెట్టి చూశాను. గుడ్డ వెనక నా వేళ్ళు ఐదూ విడివిడిగా కనబడ్డాయి. పొందూరులో ఆ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ దవడకుండే సన్నటి పళ్ళు పత్తి పీచును ఒక్క తీరున దువ్వుతాయి, గింజ దగ్గర నలక మిగలనివ్వవు. ఆ దవడ ముక్క ఒకటి నాన్న ఎవరినో అడిగి తెచ్చి చూపించారు. నా చిటికెన వేలంత ఉంది. వేలితో రాస్తే గరగరలాడింది.

ఇక వంటింట్లో. సంక్రాంతి ముందు అరిసెలకి తడి బియ్యం దంచి జల్లించేటప్పుడు అమ్మ చిటికెడు పిండి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేది. “పలుకు తగులుతోంది, ఇంకోసారి జల్లించు.” మళ్ళీ జల్లిస్తే మళ్ళీ నలిపేది. పలుకు లేదని ఆ వేళ్ళు ఒప్పుకున్నాకే పాకం పొయ్యి మీదికెక్కేది. మాస్టారికి ఇది చెబితే, “అమ్మ వేళ్ళ మధ్య ఉందే, అది ఫైన్ పౌడర్. రాసుకో” అన్నారు. ఒడియా వాళ్ళ కొట్లో సన్నబియ్యాన్ని సొరు చాఉళొ అనేవారు. వాళ్ళ పల్చటి అట్టు సొరు చకుళి. నా స్నేహితురాలు ఆ రెండూ తెచ్చి బోర్డు మీద ఫైన్ పక్కన ఒడియా అక్షరాల్లో రాసింది.

ఇంకొకడు కొమ్ము దువ్వెన పట్టుకొచ్చాడు. పశువుల కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చెక్కడం మా ఊరి పని. వాడి ఇంట్లో పేల దువ్వెన పళ్ళు కోస్తుండగా చూసి వచ్చాడట. పన్నుకూ పన్నుకూ మధ్య రంపం పోయే సందే తప్ప ఇంకేం ఉండదని చేతులు తిప్పి మరీ చెప్పాడు. కంసాలి వీధి నుంచి ‘మేలిమి’ వచ్చింది. మేలిమి బంగారాన్ని ఇంగ్లీషులో ఫైన్ గోల్డ్ అంటారనీ, వెయ్యి పాళ్ళలో ఎన్ని పాళ్ళు అసలు బంగారమో దాన్ని ఫైన్‌నెస్ అంటారనీ మాస్టారు కలిపారు. ఇప్పుడు నగల మీద మనం చూసే 916 అదే. 22 క్యారెట్లంటే వెయ్యికి 916 పాళ్ళు చిల్లర.

వారం తిరిగేసరికి బోర్డు ఎడమ మూల చాలక కుడి మూల దాకా పాకింది. అప్పుడు మాస్టారు అసలు పాఠం మొదలుపెట్టారు. మా గైడులో ఫైన్ అంటే గుడ్, నైస్, ఎక్సలెంట్, బ్యూటిఫుల్ అని వరసగా ఉండేది, మేం దాన్నే బట్టీ పట్టేవాళ్ళం. “ఒక్కో వాక్యంలో ఫైన్ తీసేసి గైడులో మాట పెట్టండి, నిలబడుతుందేమో చూద్దాం” అన్నారు. ఫైన్ మార్నింగ్ పోయి బ్యూటిఫుల్ మార్నింగ్ వస్తే నష్టం లేదు. ఫైన్ పౌడర్ బదులు ఎక్సలెంట్ పౌడర్ అంటే? పలుకులున్న పిండి కూడా దేనికో ఒకదానికి ఎక్సలెంటే కావచ్చు, ఉప్మాకి కావలసింది అదే మరి. అక్కడ గైడు చేతులెత్తేసింది.

ఆ తర్వాత ఇంకో పని చెప్పారు. దాని విలువ నాకు పాఠాలు చెప్పే రోజుల్లో తెలిసింది. “సమానార్థకాలు వదిలేయండి. దానికి ఎదురుమాట ఏమిటో చెప్పండి.” సన్నబియ్యానికి ఎదురు ముతక బియ్యం, కోర్స్. తెరిపిచ్చిన రోజుకు ఎదురు ముసురు పట్టిన రోజు. ఒంట్లో ఫైన్‌గా ఉన్నవాడికి ఎదురు జ్వరం పడ్డవాడు. మేలిమికి ఎదురు రాగి కలిసిన బంగారం. డబ్బు కట్టే ఫైనుకు ఎదురే లేదు. ఎన్ని ఎదురుమాటలు వస్తే ఆ మాటకు అన్ని ముఖాలున్నట్టు. గైడ్లలో సమానార్థకాల పట్టీలు ఇప్పటికీ అలాగే వస్తున్నాయి. పిల్లలు ఇప్పటికీ బట్టీ కొడుతున్నారు. ఆ పట్టీలు మంచికంటే చెడే ఎక్కువ చేస్తాయని నా గట్టి నమ్మకం. పక్కపక్కన రాసిన మాటలు ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటాయని పిల్లలు అనుకుంటారు మరి.

డబ్బు కట్టే ఫైను సంగతి మాత్రం మాస్టారు కాదు, రైలు నేర్పింది.

నౌపడా నుంచి మా ఊరికి చిన్న రైలు 1900లోనే వచ్చింది, మా రాజావారు వేయించింది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. నేరోగేజి, చిన్న పెట్టెలు, కిటికీలోంచి చెయ్యి చాపితే కొమ్మలు తగిలేవి. 2004లో దాన్ని ఆపి పెద్ద లైను వేశారు. ఓసారి మామ్మతో టెక్కలి వెళుతుంటే, చింతపండు మూటతో ఎక్కిన ఒక ముసలాయన దగ్గర టిక్కెట్టు లేదు. టీసీ “ఫైన్ కట్టాలి” అన్నాడు. ముసలాయనకి అర్థం కాలేదు. టీసీ మళ్ళీ “జరిమానా” అన్నాడు. అప్పుడు ముసలాయన చల్లగా, “తప్పు కట్టాలంతే కదా బాబూ, కట్టేత్తాను” అని రొంటిన దోపుకున్న మూట విప్పాడు.

తప్పు కట్టడం! అప్పటిదాకా ఆ మాట వినకపోలేదు. పల్లెల్లో కుల పెద్దలు తగువు తీర్చి తప్పు వేసేవారు, వేయించుకున్నవాడు తప్పు కట్టేవాడు. చేసినదీ తప్పే, దానికి ఇచ్చుకున్న సొమ్మూ తప్పే. మామ్మ ఇంకోటి అందించింది: “మా చిన్నప్పుడు దండుగ అనేవారే.” దండుగంటే వృథా అనే మనకు తెలుసు. ‘డబ్బు దండుగ’ అంటాం. కానీ అది మొదట దండనగా కట్టిన సొమ్ము. కట్టిన డబ్బు తిరిగి రాదు కాబట్టి మెల్లగా వృథా అయిపోయింది. అవన్నీ బోర్డు మీదకి ఎక్కాయి. మాస్టారి మొహం ఆ రోజు వెలిగిపోయింది.

ఈ రెండు ఫైన్‌లకీ చుట్టరికం ఏమిటన్నది నాకు కాలేజీ చదువులో గానీ తెలియలేదు. లాటిన్‌లో ఫీనిస్ అంటే చివర, ముగింపు. ఫినిష్, ఫైనల్ దాని సంతానమే. ఒక వస్తువు చివరంటా, అంటే ఇంక చెయ్యడానికి ఏమీ మిగలకుండా తయారైతే అది మేలైనదీ నాణ్యమైనదీ అయింది. సన్నని పోగు, మెత్తని పిండి, మేలిమి బంగారం అన్నీ ఆ దారినే వచ్చాయి. రెండో దారి తగువులది. తగువు ముగించడానికి ఇచ్చే సొమ్ము ఫైన్. ఫైనాన్స్ కూడా ఫ్రెంచిలో బాకీ తీర్చి ముగించడం నుంచి వచ్చిందే. మన పెద్దలు ఆ సొమ్మును తప్పు వైపు నుంచి చూశారు, వాళ్ళు ముగింపు వైపు నుంచి చూశారు.

ఇంగ్లండులో భూముల రాజీ పత్రాన్నే ఫైన్ అనేవారు. ఒకే తోలు కాగితం మీద అదే ఒప్పందం మూడుసార్లు రాసి, వంకరటింకరగా కోసి, ఇద్దరు పార్టీలకీ చెరొకటి ఇచ్చి, అడుగున ఉన్న మూడోది కోర్టు దాచుకునేది. 1195 నుంచి 1830ల దాకా అలా దాచిన ముక్కలు ఇంకా ఉన్నాయి. అడుగు ముక్క కాబట్టి వాటికి ‘ఫైన్ల పాదాలు’ అని పేరు. మా నాన్న దస్తావేజులు రాసి బతికిన మనిషి. ఇది చెప్పగానే కళ్ళజోడు తీసి, “అయితే అది మన రాజీనామాయే” అన్నారు. ఇప్పుడంటే ఉద్యోగం మానెయ్యడమే రాజీనామా గానీ, కోర్టు కాగితాల్లో రాజీనామా అంటే ఇద్దరూ రాజీపడి రాసుకున్న పత్రం. వంకరటింకరగా ఎందుకు కోసేవారో కూడా ఆయనే చెప్పారు, నేను అడగకుండానే: “రెండు ముక్కలూ కలిపితే అతుక్కోవాలి. దొంగ కాగితమైతే అతకదు.”

‘ఐ యామ్ ఫైన్’ సంగతి ఇంకా చెప్పలేదు. నాకు బాగా దగ్గరైన ఫైన్ అదే.

మా చిన్నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో ఉండేవారు. మా వైపు నుంచి అక్కడికి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామంది. నాన్నకు తెలుగులో ‘ఉభయ కుశలోపరి’ అని మొదలుపెట్టి రాసేవారు. నాకు మాత్రం, చదువు వస్తుందని, అదే ఇన్‌లాండ్ కవరు మడత మీద నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాసేవారు. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: ‘ఐ యామ్ ఫైన్ హియర్.’ మామ్మ తెలుగు ఉత్తరం విన్నాక, “నీది కూడా చదవవే” అనేది. నేను చదివేదాన్ని. ఆ ఒక్క వాక్యం వినబడగానే లేచి పనిలోకి వెళ్ళిపోయేది, మిగతా మూడూ ఆవిడకి అక్కర్లేదు. కొడుకు బాగున్నాడని తెలుగులో విన్నా, ఇంగ్లీషులో కూడా వినాలి.

ఒకసారి ఉత్తరం వచ్చింది. తెలుగులో అంతా మామూలే, క్షేమమనే ఉంది. నాకు రాసిన నాలుగు వాక్యాలూ పరీక్షల గురించి, బాగా చదవమని. చదవడం పూర్తయింది. మామ్మ లేవలేదు. “ఆ ఫైను ఏదే?” అంది.

లేదన్నాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆ సాయంత్రమే నాన్నను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. తిరుగు టపాలో నిజం వచ్చింది. చిన్నాన్నకు పచ్చకామెర్లు, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులే అయింది. మమ్మల్ని కంగారు పెట్టడం ఇష్టం లేక తెలుగులో మామూలుగా రాసేశారు. ఇంగ్లీషు వాక్యం దగ్గర మాత్రం చెయ్యి రాలేదట. ఫైనంటే జరిమానా అని తప్ప ఇంకేం తెలియని మనిషి, ఆ మాట లేకపోవడంతోనే కొడుక్కి జబ్బని పట్టేసింది. దానికి తెలుగులో బాగున్నాను, ఒడియాలో భలొ అఛి అని అర్థాలు ఎవరూ ఆవిడకి చెప్పలేదు. మాస్టారికి ఇది చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మీ మామ్మగారు మనకంటే బాగా నేర్చుకున్నారమ్మా” అన్నారు.

అందరూ ఆ మాటను అంత నిజంగా వాడరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను ముంచెత్తినప్పుడు, కరెంటు లేదు, ఫోన్లు లేవు. నేను విశాఖపట్నంలో కూర్చుని తమ్ముడి నంబరు నొక్కుతూనే ఉన్నాను. ఎప్పటికో ఒక్క మాట మెసేజ్ వచ్చింది: ‘ఫైన్’. తీరా వెళ్ళి చూస్తే పెరట్లో కొబ్బరి చెట్లు పడున్నాయి, వెనక గది రేకులు ఎక్కడున్నాయో తెలియదు. వాడు రాసిన ఫైన్‌కి అర్థం ప్రాణాలతో ఉన్నామని. అది ఏ నిఘంటువులోనూ ఉండదు, అయినా తప్పు కాదు. ఇప్పుడు మా మేనకోడలు ఏదైనా గొడవలో ‘ఫైన్!’ అని గది తలుపు వేసుకుంటే, అందులో సన్నమూ లేదు, మేలిమీ లేదు, ఆరోగ్యమూ లేదు. ఇక మాట్లాడను అని. ఆలోచిస్తే అది పాత లాటిన్ ముగింపుకే దగ్గర.

మాస్టారు పోయి చాలాకాలమైంది. ఆ వారం బోర్డు మీద ఉన్నదంతా నేను నోటుబుక్కులో దించుకున్నాను, ఇది రాయడానికి అదే ముందు పెట్టుకున్నాను. ఇంకా అందులో చేర్చుకోవలసినవి ఉన్నాయి. తప్పు, దండుగ అన్న మాటలు మా వైపు పల్లెల్లో వినబడేవి. గుణుపురం, రాయగడ, కొరాపుట్ వైపు తెలుగువాళ్ళు, అటు సిరొంచ, బల్లార్షా వైపువాళ్ళు జరిమానాను ఇంట్లో ఏమనేవారు? పేల దువ్వెనకీ, పలుకు లేని పిండికీ మీ అమ్మమ్మలు ఏ మాట వాడేవారు? విన్నది విన్నట్టే రాయండి. అర్థం రాయకపోయినా ఫరవాలేదు.